గాబు నిద్రపోయిన కార్తీకం

నమోదు 1. ముసురు

ఈ దినచర్య రాయమని పట్టుబట్టింది మా మరిది భుజంగరావు. కొత్తలంకలో కరకట్టకీ, పంపులకీ పెద్ద అతనే. ఊరికి చమురు చేసే గాబు చూసుకునేది నేను, మంగతాయారుని. నాకు ముందు గాబు చూసినవాళ్ళంతా రోజుకొక్క మాట రాసి ఊరుకునేవారు, "బాగుంది" అని. నేనూ వాళ్ళ దారే పట్టాను. నిన్న వచ్చి పుస్తకం తిరగేసి, బాగోలేని రోజున కూడా బాగుందనే రాశావేంటి వదినా అని అడిగాడు. బాగోలేదని రాస్తే గాబు చదువుకుని బుద్ధి తెచ్చుకుంటుందా అన్నాను. నవ్వలేదు. నా మాటకి భుజంగం నవ్వలేదంటే వ్యవహారం ముదిరిందని అర్థం. కనుక రాస్తున్నాను.

పొద్దున్నే గాబు మూత ఎత్తాను. చెడిపోయిన వెన్న వాసన గుప్పుమంది. పానకం పోసిన మొదట్లో ఆ వాసన రావడం మామూలే. వరిగడ్డిని కరిగించి తీసిన పానకం తిని మా చిన్నోళ్ళు ముందు పులుపు చేస్తారు. బాక్టీరియా అని బడిలో చెబుతారు గానీ ఊరంతా వాళ్ళని చిన్నోళ్ళనే అంటాం. ఆ పులుపు పెరిగి పెరిగి వాళ్ళకే ప్రాణం మీదికొచ్చే వేళకి పని మార్చేస్తారు. పులుపునే మళ్ళీ తిని చమురు చేస్తారు. అప్పుడు అరటిపళ్ళు మగ్గేసిన గదిలోకి వెళ్ళినట్టుంటుంది. ఆ వాసన వచ్చిన రోజు ఊళ్ళో ప్రతివాడి మొహమూ వికసిస్తుంది. ఈ విడత ఆ వాసన రానేలేదు. పోయిన విడత వచ్చీ రానట్టు వచ్చింది.

నురగ తీశాను, కలిపే తెడ్లకి పట్టిన జిగురు గీకాను, తోడు తీసే పని పెట్టుకున్నాను. ఈరోజు వంతు మా వీధి చివరింటి తిరపతమ్మది. పాత రసంలోంచి బిందెడు తీసి కొత్త పానకంలో కలపాలి, పాలకి తోడు పెట్టినట్టే. బిందె పట్టినవాళ్ళు "తోడు తెగలేదు" అంటారు. నేను "తెగదు" అంటాను. ఊరు కట్టిన నాటి నుంచీ ఇది ఒక్క పూట ఆగలేదు. తుఫానుల్లో మనుషులు పస్తులున్నారు గానీ గాబుని పస్తు పెట్టలేదు. ఇంకే ఊరివాళ్ళైనా కనిపిస్తే మేం ముందుగా చెప్పుకునే గొప్ప ఇదే. తిరపతమ్మ బిందె వంచుతూ ముక్కు చిట్లించి, ఏందే మంగా ఈ కంపు, నువ్వు గాబు కడుగుతున్నావా గుడ్లు పొదిగిస్తున్నావా అంది. ఆవిడ నోటికి జడిస్తే మా వీధిలో కాపురం చెయ్యలేం. నీ చెయ్యి పడింది కదా, ఇక బాగుపడుతుందిలే అన్నాను.

నమోదు 2. ముసురే

గాబు చమురు ఇవ్వకపోతే ఏమవుతుందో భుజంగం లెక్క తీసి చూపించాడు. నాకు తెలియని సంగతేం కాదు. మా ఊరు సముద్రం కంటే పల్లంలో ఉంది. కట్టలోంచి ఊరే నీరు, పైనుంచి పడే వాన, రెండింటినీ పంపులు అవతలికి ఎత్తిపోస్తేనే మా పొయ్యిలు ఆరకుండా ఉంటాయి. ఎండాకాలం ఎండతో కరెంటు తీసే పలకలతో గడిచిపోతుంది. వానాకాలం నాలుగు నెలలూ పంపులకి గాబు చమురే దిక్కు. కార్తీక పౌర్ణమికి ఏడాదిలోకెల్లా పెద్ద పోటు వస్తుంది. ఆ రోజున పంపులు ఆగితే ఊరు మునుగుతుంది. మునిగిన ఊరిని కొండమీది సర్కారు వాళ్ళు ఊళ్ళ జాబితాలోంచి కొట్టేస్తారు, మనుషుల్ని తలో కొండకీ పంచేస్తారు. పక్కనున్న సంగమదిబ్బకి అదే జరిగింది. ఇప్పుడక్కడ బడి పైకప్పు మీద కొంగలు కాపురం ఉంటున్నాయి.

ఒక ఊరివాళ్ళుగా ఉండటం పోతుంది. నాకు భయమేసింది. రాయమన్నాడు కాబట్టి అదీ రాస్తున్నాను.

నమోదు 3. తెరపి

నల్లమల మీది పట్నం నుంచి పడవలో షాహీన్ అనే ఆవిడ దిగింది. జన్యువులు చదివే మనిషి. నలభై దాటి ఉంటాయి. దిగీ దిగగానే పడవ కుదుపుకి వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, గాబు యాడుంది అక్కా అని అడిగింది. ముందు మజ్జిగ తాగు, గాబు ఎక్కడికీ పోదు అన్నాను. నచ్చింది నాకు.

తనతో పాటు కొండమీది తోడు కూడా చిన్న సీసాలో తెచ్చింది. మా ఉప్పు నీళ్ళలో అది పూట కూడా బతకలేదు. మా చిన్నోళ్ళు ఈ ఉప్పుకి అలవాటు పడ్డవాళ్ళు, బయటివాళ్ళు ఇక్కడ నిలవరు. కనుక ఉన్నవాళ్ళనే బాగుచేసుకోవాలి.

ఆమె దగ్గరొక పెట్టె, దానికి తగిలించిన నల్లని పలక ఉన్నాయి. చెంచాడు రసం పెట్టెలో పోసింది. చిన్నోళ్ళని ఒక్కొక్కరినీ విడదీసి, ఒక్కొక్కరి లోపలా ఏం జరుగుతోందో చూపిస్తుందట. నేను మూతి తిప్పుకుని నిలబడ్డాను. ఇలాంటి పెట్టెలు చాలా చూశాం.

పలక మీద ఒక చుక్క వెలిగింది. పక్కన ఇంకొకటి. తర్వాత గుంపులు గుంపులుగా. కొన్ని నిలకడగా, కొన్ని మిణుకు మిణుకుమంటూ, కొన్ని వెలిగి అంతలోనే ఆరిపోతూ. ఒక్కో చుక్కా ఒక జన్యువని చెప్పింది షాహీన్. ఒక పని ఎలా చెయ్యాలో రాసిపెట్టుకున్న మాట. ఆ మాటని చిన్నోడు ఇప్పుడు చదువుకుంటుంటే చుక్క వెలుగుతుంది. అవసరం తీరితే చదవడం ఆపుతాడు, ఆరిపోతుంది. అలాంటి మాటలు ఒక్కో చిన్నోడిలో నాలుగు వేలకి తక్కువ ఉండవట. నేను చూస్తుండగానే ఆమె పెట్టెలోకి ఒక బొట్టు పానకం వేసింది. పలక అంచున అప్పటిదాకా చీకటిగా ఉన్న వరస మొత్తం వెలిగింది. తీపి తగిలిందని వాళ్ళకి తెలిసిపోయింది. కళ్ళు లేవు, నాలుక లేదు, తల లేదు. ఎలా తెలిసింది? ఎవరు చెప్పారు?

ఇన్నేళ్ళూ ఈ గాబుకి తిండి పెట్టాను, గీకాను, తిట్టాను. లోపల ఇంత సందడి జరుగుతోందని ఒక్కనాడూ అనుకోలేదు. మొహం తుడుచుకున్నాను. షాహీన్ చూసి చూడనట్టు పక్కకి తిరిగింది, మర్యాదస్తురాలు.

నమోదు 4. ముసురు

పలక మీద వీధులున్నాయి. ఆ పేరు నేను పెట్టాను, షాహీన్‌కి కూడా అదే అలవాటైంది. తీపి తినే వీధి, పులుపు చేసే వీధి, ఈత కొట్టే వీధి. ఎడమ మూల చిన్న వీధి ఒకటి ఉంది, చమురుది. దాని పక్కనే నిద్ర వీధి. తిండి దొరకని రోజులొస్తే చిన్నోళ్ళు గింజగా మారిపోయే ఏర్పాటట అది.

ఆ రెండు వీధుల్లో ఒక్క చుక్కా లేదు.

నిద్రపోతున్నాయేమో లేపుదామని చూశాం. పులుపు పెంచాం, తగ్గించాం. వేడి పెంచాం. కలపడం ఆపాం. గాబు దగ్గర నిలబడి నేను బతిమాలాను కూడా, అది లెక్కలోకి రాదనుకోండి. పులుపు వీధి మాత్రం జాతరలా వెలుగుతూనే ఉంది. ఆ మూల చీకటి అలాగే ఉంది. షాహీన్ అన్నం తినడం మానేసి రోజంతా పెట్టె ముందే కూర్చుంది. నేను ముద్దలు కలిపి పెడితే గానీ తినలేదు.

నమోదు 5. ముసురు, ఈదురుగాలి

సంగతి తెలిసింది. ఎలా రాయాలో తెలియడం లేదు. షాహీన్ చెప్పిన వరసలోనే రాస్తాను.

చమురు మాటలూ, నిద్రకి కావాల్సిన మాటలు కొన్నీ చిన్నోడి పెద్ద పుస్తకంలో ఉండవట. విడిగా ఒక చిన్న వలయంలో రాసి ఉంటాయి. ఆ వలయాన్ని మొయ్యడం వాళ్ళకి బరువే. ఎప్పుడైనా ఒకడు అది జారవిడుచుకుంటే చావడు సరికదా, బరువు దిగి తొందరగా పెరుగుతాడు. తిండి అయిపోయి, పులుపు ముంచుకొచ్చినప్పుడు మాత్రం వలయం ఉన్నవాడే బతుకుతాడు. పులుపుని చమురుగా మార్చి కాస్త వ్యవధి సంపాదించుకుంటాడు, ఆ వ్యవధిలో గింజ కట్టుకుంటాడు. అంటే మేం పంపుల్లో పోసి కాల్చే చమురు వాళ్ళ కష్టకాలపు ఏర్పాటు.

మేం వాళ్ళకి కష్టకాలమే రానివ్వలేదు. ఆకలి వేసేలోపే కొత్త పానకం పోశాం. తోడు తీసిన ప్రతిసారీ ఎక్కువగా పెరిగినవాళ్ళే బిందెలో పడ్డారు, అంటే వలయం పోగొట్టుకున్నవాళ్ళు. ఏళ్ళ తరబడి వాళ్ళనే ఏరి ఏరి పెంచుకున్నాం, ఊరంతా కలిసి, వంతులు వేసుకుని, మురిసిపోతూ.

"అవి పండుకోనుంటే లేపొచ్చు అక్కా," అంది షాహీన్. "ఆడ లేనే లేవు."

 నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు, తెడ్డు విసిరికొట్టాను. అది అప్పుడే లోపలికొచ్చిన భుజంగం చెప్పుల దగ్గర పడింది. అతను దాన్ని తీసి గోడకి ఆనించి పెట్టాడు.

నమోదు 6. ముసురు

ఒక దారి ఉంది. కోట్లమందిలో ఎక్కడో ఒకడు వలయం పోగొట్టుకోకుండా మిగిలి ఉండొచ్చు. గాబుని పస్తు పెడితే వాడు గింజ కడతాడు. అప్పుడు మొత్తం రసాన్ని బాగా కాచాలి. మామూలువాళ్ళంతా చచ్చిపోతారు, గింజ మాత్రం ఆ వేడికి చావదు. పైగా వేడి తగిలితేనే గింజకి మెలకువ వస్తుందట. అడుక్కి దిగిన గింజల్ని ఏరి కొత్త పానకంలో వేస్తే అసలు సిసలు చిన్నోళ్ళు మళ్ళీ మొలుస్తారు.

గాబు జోలికి పోకుండా ముందు ఒక బిందెడు రసంతో చేసి చూశాం. ఏమీ మొలవలేదు. ఇంకో బిందె, అదీ అంతే. అంత తక్కువమంది ఉన్నారన్నమాట, ఉంటే. గాబు మొత్తం వెతకాల్సిందే.

గాబు మూడిళ్ళంత ఉంటుంది. దాన్ని కాచాలంటే చమురు కావాలి. చమురు పంపుల కోసం దాచిందే.

భుజంగం వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. "ఉన్నది పౌర్ణమి దాటేదాకా పంపులన్నిటికీ బొటాబొటీగా సరిపోద్ది వదినా," అన్నాడు. "కాయడానికి నీకిస్తే ఒక పంపు ఆపాలి. ఏది ఆపమంటావో నువ్వే చెప్పు. నా నోటితో నేను చెప్పలేను."

ఆసుపత్రి వైపు పంపు ఆపలేం. గడ్డి గోదాముల వైపుది ఆపితే చిన్నోళ్ళకి తిండే ఉండదు. గాబు షెడ్డుది సరేసరి. మిగిలింది పల్లపువీధి. నేనుండేది ఆ వీధిలోనే. తిరపతమ్మా అక్కడే. నలభై గడపలు.

"మా వీధిదే ఆపు," అన్నాను.

అతను లేచి, తల ఊపి, వెళ్ళిపోయాడు. నేను మా వీధే చెబుతానని అతనికి ముందే తెలుసు. అందుకు నాకు మళ్ళీ కోపం వచ్చింది.

నమోదు 7. తెరపి

గాబు షెడ్డులో ఊరంతా కూడింది. షాహీన్ పలక పెట్టి చూపించింది, చీకటి మూల చూపించింది. కొంతమందికి అర్థమైంది. అర్థమైనవాళ్ళకే ఎక్కువ దుఃఖం కలిగింది. ఒక పెద్దాయన, తప్పెవరిది అని అడిగాడు. ఎవరిదని చెప్పను, అందరమూ బిందె పట్టినవాళ్ళమే. గింజలు లేకపోతే ఏంటి అని ఇంకొకరు అడిగారు. లేకపోతే గాబూ ఉండదు, ఊరూ ఉండదు అన్నాను. ఉన్నమాట దాచడం నాకు చేతకాదు. ఇప్పటి లెక్కన ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే, ఈ పౌర్ణమి దాటినా వచ్చే వానలకి ఎలాగూ పోతుంది అని భుజంగం అందుకున్నాడు. చేతులు ఎత్తమన్నారు. చాలామంది ఎత్తారు. పల్లపువీధి వాళ్ళు కొందరు ఎత్తారు, కొందరు తలొంచుకున్నారు.

తిరపతమ్మ ఎత్తలేదు. జనం కదులుతున్నప్పుడు నా దగ్గరికొచ్చి నిలబడింది.

"తోడు తెంపుతానంటున్నావు. మా గడపలు ముంచుతానంటున్నావు. మాకింకేం మిగిల్చావే మంగా?"

నా గడప కూడా అందులోనే ఉందని అనబోయాను. ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను. ఆవిడ ఆ ఇంటి గోడలు సొంతంగా పెట్టుకుంది, నత్తగుల్లలు కాల్చి, సున్నం కలిపి. నేను ఊరిచ్చిన ఇంట్లో రెండు బాతులతో ఉంటాను. రెండూ ఒకటి కావు.

నమోదు 8. ఎండ

పానకం కుళాయి కట్టేసి కొన్ని రోజులైంది. గాబు మొదటిసారి పస్తు ఉంది.

పులుపు వీధి రెండు రోజులు వెలిగి, వెలిగి, కళ తప్పింది. ఈత వీధి ముందు చెలరేగింది, తిండి కోసం వెతుక్కుంటున్నారన్నమాట, తర్వాత అదీ సన్నగిల్లింది. చిన్నోళ్ళు పోతున్నారు. ఎన్నోసార్లు కుళాయి మీద చెయ్యి వేశాను. షాహీన్ వచ్చి నా పక్కన నిలబడేది. చెయ్యి తీసేదాన్ని.

ఈరోజు మధ్యాహ్నం షాహీన్ పలక మీద చిన్నోళ్ళని ఒక్కొక్కరినీ తిప్పుతోంది. చీకటి, చీకటి, చీకటి. లక్షల మందిని పెట్టె చూసేసింది. నాకు కునుకు పట్టే వేళకి ఆమె నా భుజం గట్టిగా పట్టుకుంది.

ఎడమ మూల ఒక చుక్క వెలుగుతోంది.

అదే తాళంచెవి అని చెప్పింది షాహీన్. చమురు వీధినీ, నిద్ర వీధినీ రెండింటినీ తెరిచే జన్యువు అదొక్కటేనట. మేం చూస్తుండగా దాని పక్కది వెలిగింది. అది వెలిగాక ఇంకొకటి. వరస తప్పలేదు, తొందర పడలేదు. ఒకటి తన పని ముగించి ఆరితే తర్వాతది అందుకుంటోంది. ఏం జరుగుతోందని అడిగాను. చిన్నోడు తనలోనే అడ్డుగోడ కట్టుకుంటున్నాడని చెప్పింది. తన పుస్తకానికి ఒక నకలు ఆ చిన్న గదిలో పెట్టి, దాన్ని తన ఒంటితోనే కప్పి, పొర మీద పొర వేస్తాడు. గింజ తయారయ్యాక బయటి ఒళ్ళు చీలిపోయి, తాను పోతాడు.

అంటే వాడు కాదు, ఆమె. తల్లి. నాకైతే అలాగే అనిపించింది.

ఎన్ని తరాలుగా ఆ పని చేసే అవసరం రాలేదో. అమ్మమ్మలకి కూడా తెలియని పని. అయినా ఒక్క మెట్టు తప్పలేదు. మేమిద్దరం పలక ముందు నేల మీద కూర్చుండిపోయాం. చివరి చుక్క ఆరేదాకా నేను కళ్ళు తిప్పలేదు. నాకు దేవుడి ముందు కూడా అంతసేపు కూర్చోవడం చేతకాదు.

ఒకరున్నారు. ఉంటే ఇంకా ఉంటారు.

నమోదు 9. మబ్బు

ఈరోజు గాబు కాచాం. ఆవిరి గొట్టాలు తెరిచి, వేలు పెడితే బొబ్బలెక్కేంత వేడి తెచ్చి, అన్నం ఉడికేంతసేపు అలాగే ఉంచాం. పలక పూర్తిగా నల్లబడింది. బయట జనం నిలబడి ఉన్నారు.  నేను ఇంటికి వెళ్ళి సామాను కట్టుకున్నాను.

నమోదు 10. పౌర్ణమి

పొద్దున పోటు వచ్చింది. పల్లపువీధిలో పంపు లేదు కాబట్టి నీళ్ళు కాలువల్లోంచి పైకి ఉబికాయి, మెల్లగా, ఏ హడావుడీ లేకుండా. కరకట్ట మీద గుడారాల్లోంచి అందరం చూశాం. ముందు మెట్లు పోయాయి, తర్వాత అరుగులు, తర్వాత కిటికీ చువ్వలు. ఆసుపత్రి వైపు, గోదాముల వైపు పంపులు ఆగకుండా ఆడాయి. నా బాతులు రెండూ మా వీధి నడిమధ్య ఈదుకుంటూ తిరిగాయి, ఊళ్ళో సంతోషంగా ఉన్నది అవే.

మధ్యాహ్నం తిరపతమ్మ ఇంటి పడమటి గోడ కూలింది. అంత పెద్ద గోడ కూలినా శబ్దం రాలేదు, నీళ్ళలోకి కూర్చుండిపోయింది. ఆవిడ ఏడవలేదు. నా వైపు చూడనూ లేదు. నేను వెళ్ళి పక్కన కూర్చుందామనుకుని, గుడారం తాళ్ళు బిగిస్తూ ఉండిపోయాను.

నమోదు 11. చినుకులు

గాబు అడుగున దిగిన మడ్డినంతా తోడి, వడగట్టి, చిన్న తొట్టెలో కొత్త పానకం పోసి అందులో కలిపాం. తోడు కలిపేటప్పుడు అనే మాట అలవాటుగా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడేమనాలో నాకు తెలియలేదు.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ ఏమీ లేదు. ఉన్న చమురు అడుగంటుతోందని భుజంగం చెప్పాడు. కొండమీదికి కబురు పంపనా అని కూడా అడిగాడు, అంటే పడవలు పంపమని. ఒక్క రోజు ఆగమన్నాను. నా మాటకి విలువిచ్చి ఆగాడో, అడగడానికి తనకే ప్రాణం ఒప్పలేదో.

గుడారాల్లో చలికి ఆగలేక ముసలివాళ్ళు షెడ్డులోకి వచ్చి పడుకుంటున్నారు. తిరపతమ్మ కూడా వచ్చింది. నాకు వీపు పెట్టి, పలకకి ఎదురుగా కూర్చుంది. నల్ల పలకని ఏం చూస్తుందో.

నమోదు 12. ఎండ

తెల్లారి నేను తెడ్లు కడుగుతుంటే తిరపతమ్మ పిలిచింది. పేరు పెట్టి కాదు, "ఇదిగో" అని. వెళ్ళి చూస్తే పలక మీద తీపి తినే వీధి చివర ఒక చుక్క. కాసేపటికి వీధి వీధంతా. షాహీన్‌ని లేపాను, ఆమె చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చింది.

మొలిచారు.

అప్పటినుంచి నాకు నిలకడ లేదు. తొట్టెలోంచి పెద్ద తొట్టెకి, అక్కడినుంచి గాబుకి పెంచుకుంటూ వెళ్ళాం. చెడిపోయిన వెన్న వాసన వచ్చింది. పులుపు వీధి వెలిగింది. ఇక్కడిదాకా పాతవాళ్ళు కూడా వచ్చేవాళ్ళే. పులుపు పెరుగుతున్న కొద్దీ జనం షెడ్డు చుట్టూ చేరారు. భుజంగం వచ్చి, ఆఖరి పీపా పోశాను వదినా అని మాత్రం చెప్పి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

పులుపు ఇంకా పెరిగింది. పులుపు వీధిలో కొన్ని చుక్కలు తడబడ్డాయి. షాహీన్ గోళ్ళు కొరుకుతోంది. 

ఎడమ మూల తాళంచెవి వెలిగింది. ఈసారి ఒకరిలో కాదు. పెట్టె ఒక్కొక్కరినీ తిప్పుతోంది, ప్రతివాడిలోనూ అదే చుక్క, అదే మూల. దాని వెనకే చమురు వీధి ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తెరుచుకుంది. చీకటి మూల అని మేం పిలిచే చోటు ఇప్పుడు పలకలోకెల్లా వెలుగుగా ఉంది. కోటానుకోట్ల మంది, ఒకరినొకరు చూడలేనివాళ్ళు, ఆపద వచ్చిందని ఒకేసారి గ్రహించి ఒకే మాట తీసి చదువుతున్నారు.  ఇంత చిన్న ప్రాణాల్లో అంత తెలివి ఎక్కడ పెట్టాడో పెట్టినవాడు. ఎవడూ పెట్టకుండా అదే వచ్చిందని షాహీన్ అంటుంది. అలా అయితే నాకు ఇంకా ఆశ్చర్యం.

వాసన తర్వాత వచ్చింది. ముందు పసిగట్టింది బయట ఉన్నవాళ్ళు. అరటిపండు వాసన, అరటిపండు వాసన అంటూ గోల. భుజంగం గోడ దగ్గర్నుంచి కదల్లేదు, కండువాతో మొహం కప్పుకున్నాడు. ఏడిపించడానికి మంచి అదను దొరికింది గానీ నా పైటకొంగూ మొహం మీదే ఉంది.

మొదటి పీపా నిండగానే పల్లపువీధి పంపులో పోశారు. రెండు రోజులకి అరుగులు బయటపడ్డాయి.

నమోదు 13. మాఘం, ఎండ

చాలా రోజులు రాయలేదు. ఒండ్రు ఎత్తిపోసే పనిలో ఉన్నాను. తిరపతమ్మ గోడకి అందరం సున్నం కలిపాం. ఆవిడ నాతో అవసరమైనంత వరకే మాట్లాడుతోంది.

షాహీన్ రేపు పడవెక్కుతుంది. వెళ్ళేముందు మాకొక పని చెప్పింది. ఏడాదికొకసారి గాబుని పస్తు పెట్టి, గింజ కట్టనిచ్చి, కాచి, మళ్ళీ మొలిపించుకోవాలి. ఎండాకాలం ముందు చేస్తే పంపులకి ఇబ్బంది ఉండదు. లేకపోతే ఇంకొన్నేళ్ళకి మళ్ళీ ఇదే చీకటి.

ఊరు ఒప్పుకోలేదు. ఈరోజు షెడ్డులో గొడవ గొడవ. గాబు నిండుగా ఉంది, వాసన బాగుంది, చేతులారా ఎందుకు చంపుకోవాలి అంటారు. ఈసారి మొలవకపోతే ఎవరు జవాబుదారీ అంటారు. మళ్ళీ తోడు మొదలుపెడదాం, ఇకనుంచి తెగకుండా చూసుకుందాం అని ఒకాయన లేచాడు, చాలామంది అవునవునన్నారు. షాహీన్ చెప్పినంత చెప్పింది, గొంతు బొంగురుపోయింది. నేనూ అరిచాను. నా మాట వినేలా లేరు. భయపడ్డ మనుషులకి పలక చూపించి ఏం లాభం, నేనైనా అంతే. వీళ్ళు కాదంటే ఊరు మళ్ళీ అదే గోతిలో పడుతుందని తెలిసి, చేతులు ముడుచుకుని నిలబడ్డాను.

అప్పుడు తిరపతమ్మ లేచింది. కార్తీకంలో చెయ్యి ఎత్తని మనిషి. ఆవిడ లేస్తే గోడ సంగతి ఎత్తుతుందని అందరూ సర్దుకుని కూర్చున్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఆవిడ మా ఎవరినీ చూడలేదు. గాబు వైపు చూసింది.

"పడుకోనివ్వండయ్యా," అంది. "ఊరు పుట్టిన కాడ్నుంచీ మేలుకునే ఉన్నారు పాపం."

తోడు మొదలుపెడదామని లేచినాయన కూర్చున్నాడు. నేను వెళ్ళి పానకం కుళాయి కట్టేశాను.